గ్లాసు ఖాళీ అయ్యేదాకా

ఆ ఉదయం టిఫిన్లయ్యాక భోజనాల బల్ల దగ్గర్నించి ఎవరినీ కదలనివ్వలేదు ప్రొఫెసరమ్మ. యూనివర్సిటీలో కెమిస్ట్రీ చెప్పే ఆవిడను వీధిలో అందరూ ప్రొఫెసరమ్మ అంటారు. ఇంట్లోవాళ్ళు కూడా వెనకాల అదే అంటారు, కాస్త దీర్ఘం తీసి.

పాఠాలన్నీ ఇప్పుడు కంప్యూటరు తెర మీదే. తోటి లెక్చరర్లు కెమెరాలు ఆపేసిన నల్లటి గళ్ళకేసి చెప్పి చెప్పి గొంతు పోగొట్టుకుంటుంటే, ఈవిడ క్లాసులో మాత్రం పిల్లలు పోటీలు పడి మాట్లాడతారు. ఆ కిటుకేదో పదకొండింటి మీటింగులో అందరికీ చెప్పమని డిపార్టుమెంటు హెడ్ అడిగారు. చెప్పగలనని ఆవిడకు ధీమాయే. అయినా ఒకసారి రిహార్సల్ చేసుకుంటే పోయేదేముంది?

"మీరు ముగ్గురూ నా స్టూడెంట్లు. కెమెరాలు ఆపేసుకుని కూర్చున్నారనుకోండి."

"అయితే నేనో కునుకు తియ్యనా?" అంది అత్తగారు.

"పేరు పెట్టి పిలుస్తానత్తయ్యా, జాగ్రత్త."

భర్త పళ్ళ డాక్టరు. క్లినిక్కు వెళ్ళే సంచీ ఒళ్ళో పెట్టుకుని బుద్ధిగా కూర్చున్నాడు. డిగ్రీ ఆఖరి ఏడాదిలో ఉన్న కూతురు చిట్టి తడి జుట్టు ఆరబెట్టుకుంటూ కిటికీలోంచి చూస్తోంది.

"మొదటిది, క్లాసు నేను మొదలుపెట్టను. రోజుకో స్టూడెంటు తన ఇంట్లోంచి ఏదో ఒకటి చూపించి మొదలుపెట్టాలి. తుప్పు పట్టిన గొళ్ళెమైనా సరే. రెండోది, మొహమాటపడేవాళ్ళు టైపు చెయ్యొచ్చు. దాన్ని వాళ్ళ పేరుతో సహా నేను పైకి చదువుతాను. ఇక మూడోదే అసలు సంగతి." ఆవిడ నీళ్ళ గ్లాసు ఎత్తి చూపించింది. "ప్రశ్న అడిగాక మనకి ఆగదు. రెండు క్షణాలు ఎవరూ పలకకపోతే జవాబు మనమే చెప్పేస్తాం. అందుకని అడగ్గానే నీళ్ళు తాగుతాను, మెల్లగా. నోట్లో నీళ్ళుంటే మాట్లాడలేం కదా! గ్లాసు ఖాళీ అయ్యేలోగా ఎవరో ఒకరు నోరు విప్పుతారు."

"నా పేషెంట్లూ జవాబు చెప్పరు. నేనడిగేసరికి వాళ్ళ నోట్లో నా చెయ్యుంటుంది," అన్నాడు భర్త.

అత్తగారు పకపకా నవ్వింది. చిట్టి నవ్వలేదు.

"సరే, చూపిస్తాను. చిట్టీ, డిగ్రీ అయ్యాక ఏం చేద్దామనుకుంటున్నావు?" అని అడిగి, అదే ఊపులో, "ఏముంది, మా డిపార్టుమెంటులోనే ఎమ్మెస్సీ. హెడ్‌గారికి చెప్పేశాను కూడా," అనేసింది ప్రొఫెసరమ్మ.

"అమ్మాయ్, నీళ్ళు తాగలేదు నువ్వు," అంది అత్తగారు.

గ్లాసు నిండుగా అలాగే ఉంది. చిట్టి ఇటు తిరిగింది. కళ్ళలో నీళ్ళు.

"నువ్వడిగితే నాదీ నాన్న పేషెంట్ల పరిస్థితేనమ్మా. నాకు ఎమ్మెస్సీ వద్దు."

"వద్దా? ఎవరెక్కించారు నీకీ బుద్ధి?"

డాక్టరుగారు సంచీ జిప్పు తీసి మళ్ళీ వేశాడు. అత్తగారు శుభ్రంగా ఉన్న కళ్ళజోడునే తుడవసాగింది. వాళ్ళిద్దరినీ చూడగానే ప్రొఫెసరమ్మకు అర్థమైపోయింది.

"అంటే మీకు తెలుసు. ఇంటిల్లిపాదికీ తెలుసు, నాకు తప్ప! క్లాసునిండా పిల్లలు నాతో మనసు విప్పి మాట్లాడతారు. కన్నకూతురు మాత్రం..."

"నీకు చెప్పాలనే వచ్చేదమ్మాయ్. మొదటిమాట అది అనేది, మిగతాదంతా నువ్వే అనేదానివి," అంది అత్తగారు నెమ్మదిగానే.

కోపం వచ్చింది ప్రొఫెసరమ్మకు. దాని వెనకాలే సిగ్గు కూడా వచ్చింది. కుర్చీ లాక్కుని కూతురి ఎదురుగా కూర్చుంది.

"నీకేం చెయ్యాలనుందమ్మా?" అని అడిగి గ్లాసు ఎత్తింది.

ఆ నీళ్ళు తాగడం అంత తేలిక కాలేదు. ఎమ్మెస్సీకేం తక్కువ, హెడ్‌గారికి మొహం ఎలా చూపించాలి, నీకేం తెలుసు... మాటలన్నీ గొంతులోకి వచ్చాయి. ఒక్కొక్క గుక్కతో ఒక్కొక్కటే మింగింది.

గ్లాసు సగమయ్యాక చిట్టి మొదలుపెట్టింది.

"నీ క్లాసులో చెవులు వినపడని అమ్మాయి ఉంది కదా, తన కోసం నువ్వు చెప్తుంటే ఆ మాటలన్నీ తెర కింద నేనే టైపు చేస్తున్నాను. ఒకరోజు తుప్పు గురించి అందరికంటే ముందు తనే జవాబు టైపు చేసింది. నువ్వు పేరు చెప్పి చదివావు. తను కెమెరా ఆన్ చేసి నవ్వింది. ఆ నవ్వులో నా చెయ్యి కూడా ఉందనిపించిందమ్మా. అలాంటి పిల్లలకి చదువు చెప్పే టీచర్ ట్రైనింగులో సీటొచ్చింది. వేరే ఊరు. చేరతానో లేదో ఈ సాయంత్రంలోగా చెప్పాలి."

ప్రొఫెసరమ్మ రెండో గ్లాసు పోసుకుంది. "తెలియని ఊళ్ళో ఒక్కదానివీ ఉండాలి. భయంగా లేదూ?"

"ఉంది. ఇష్టం లేని చదువులో కూర్చోవాలంటే ఇంకా భయం."

ఆవిడ మూడో గ్లాసు పోసుకుంది. "నేనంటే కూడా భయమేనా?"

ఈసారి జవాబు తొందరగా రాలేదు. ఆవిడ ఆగింది. అడుగున మిగిలిన గుక్క దాకా ఆగింది.

"భయం కాదమ్మా. నీ మొహం చిన్నబోతే చూడలేను," అంటూ చిట్టి తల్లి ఒళ్ళో తల పెట్టి భోరుమంది. తడి జుట్టు నిమురుతూ తల్లీ ఏడ్చింది.

"సాయంత్రం దాకా ఎందుకే? ఇప్పుడే చెప్పెయ్యి, చేరుతున్నానని."

"మరి హెడ్‌గారు?"

"నోరు జారింది నేను. నేనే సర్దుకుంటాను."

పదకొండింటికి కాటుక దిద్దుకుని తెర ముందు కూర్చుంది ప్రొఫెసరమ్మ. ఎక్కడా తడబడలేదు. తుప్పు పట్టిన గొళ్ళెం చెప్పింది, పైకి చదవడం చెప్పింది, నీళ్ళ గ్లాసు చెప్పింది. మధ్యలో నవ్వించింది కూడా. వింటున్న లెక్చరర్లు ఒక్కొక్కరే కెమెరాలు ఆన్ చేశారు.

కొత్తగా చేరిన లెక్చరరొకడు చెయ్యెత్తాడు. "మేడమ్, గ్లాసు ఖాళీ అయినా ఎవరూ నోరు విప్పకపోతే?"

ఆవిడ అలవాటుగా గ్లాసు కోసం చెయ్యి చాచింది. అది ఖాళీగా ఉంది. ఇంతలో పక్కనుంచి చిట్టి చెయ్యి వచ్చి, నిండు గ్లాసొకటి ముందు పెట్టింది. ఆవిడ ఆ చేతిని వదలకుండా పట్టుకుంది.

"ఇంకోటి పోసుకోండి," అంది. "పొద్దున మా ఇంట్లో నాకు మూడు పట్టాయి."