ఆకుపచ్చ గడులు

అరవై ఒకటో ఖాళీ తొమ్మిది గంటల పది నిమిషాలకు తెర మీదికి వచ్చింది. ఖాళీ అంటే విద్యార్థి రోజులో లెక్క తప్పిన నిమిషాలు. అంతకుముందు వచ్చిన అరవైటికీ సింధుజ కారణ సంఖ్యలు వేసేసింది. రెండో అంతస్తు అబ్బాయి స్నానాల గదిలో పదకొండు నిమిషాలు ఎక్కువ ఉన్నాడు, అది నాలుగు, కడుపునొప్పి. రసాయనశాస్త్రం అమ్మాయి తెగిన చెప్పు చేతిలో పట్టుకుని మెట్ల మీద నిలబడిపోయింది, అది తొమ్మిది, వస్తునష్టం. ఒకడు భోజనశాల గోడకు ఆనుకుని కళ్లు మూసుకున్నాడు, అది రెండు. రెండు అంటే నిద్ర. రోజూ వచ్చే ఖాళీల్లో సగం రెండే.

ఒక్కో ఖాళీకి నలభై సెకన్లు. అవి దాటితే ఆమె మణికట్టు మీది పట్టీ ఒకసారి అదురుతుంది. రెండోసారి అదిరిందంటే ఆ ఆలస్యం ఆమె ఖాళీ కింద పోతుంది. సింధుజలాంటి పరిశీలకుల ఖాళీలను చూసేవాళ్లు పై అంతస్తులో కూర్చుంటారు. వాళ్లను ఎవరు చూస్తారో సింధుజ ఎన్నడూ అడగలేదు. అడగడానికి కూడా ఓపిక కావాలి కదా.

అరవై ఒకటికి ఎర్ర అంచు ఉంది. దాసరి గంగామణి, మూల గణితం, రెండో సంవత్సరం. రోజూ సాయంత్రం నాలుగూ పది నుంచి ఇరవై మూడు నిమిషాలు, బట్టలారేసే మెట్ల దగ్గర. చేతులు కదలడం లేదు, పెదవులు కదలడం లేదు, చూపు గోడ మీద. వరసగా ఇరవై రోజులు ఇదే ఖాళీకి పద్నాలుగు పడింది. పద్నాలుగు అంటే వృథా. నిన్నటిది ఇరవై ఒకటోది. దానికి కూడా పద్నాలుగు వేస్తే ఈ సాయంత్రం ఐదింటికి పిల్లను నిర్వహణ శాఖకు పంపేస్తారు. అక్కడివాళ్లు యంత్రాలు కట్టిన లెక్కల మీద ముద్ర వేస్తూ కూర్చుంటారు. అక్కడి నుంచి మూల గణితానికి తిరిగొచ్చిన విద్యార్థి ఇంతవరకు ఒక్కరూ లేరు.

కింద పాత ఇరవై నమోదులూ ఉన్నాయి. వాటిలో ఏడు సింధుజ చేత్తో వేసినవే. ఏడింటిలో ఒక్కటి కూడా ఆమెకు గుర్తు లేదు.

పట్టీ అదిరింది. ఆమె పద్నాలుగు మీద వేలు పెట్టి, తీసి, పక్కనున్న ‘విచారణ’ అనే గుర్తును నొక్కింది. మధ్యాహ్నం మూడూ నలభైకి నాలుగు నిమిషాలు కేటాయించినట్లు కూర్పరి వెంటనే జవాబిచ్చింది. ఈ విద్యాలయంలో ఎవరు ఏ నిమిషం ఏం చేయాలో పేర్చే యంత్రం కూర్పరే.

పక్క బల్ల దగ్గర జహీర్ తల తిప్పకుండానే మాట్లాడాడు. తెర మీంచి చూపు తిప్పితే వాడికీ ఖాళీ పడుతుంది.

"ఎందుకు గెలికినవ్ అక్కా? ఉన్న సంఖ్య ఏసి పక్కకు పెట్టకపోయినవా."

"ఏమో జహీర్. ఏలు పోలేదు."

"రిటైర్మెంట్‌కు రెండేండ్లే ఉన్నది నీకు. సప్పుడు జెయ్యక ఎల్లదీయరాదు?"

"గదే చేస్తున్న గద ఇన్నేండ్ల సంది."

అరవై రెండోది అప్పటికే వచ్చేసింది, మళ్లీ నిద్ర.

మధ్యాహ్న భోజనానికి పద్దెనిమిది నిమిషాలు. భోజనశాలకు పోవాలంటే ప్రవేశ మంటపం దాటాలి. అక్కడ గోడకు నల్లరాయి ఫలకం ఒకటి ఉంది. అందరి రోజుకూ కూర్పరి కొలతగా పెట్టుకున్న ‘ప్రమాణ దినానికి’ మూలమైన నాలుగు వందల పన్నెండు పుస్తకాలు సేకరించిన అధ్యాపకురాలిగా దాని మీద సింధుజ పేరు చెక్కి ఉంది. మొదట్లో ఆ దారిన పోతుంటే ఆమె నడక కొంచెం నెమ్మదించేది. ఇప్పుడు తల వంచుకుని పోతుంది. పిల్లలు ఆ పేరూ ఈ ముసలి పరిశీలకురాలూ ఒకటేనని ఎరగరు, అదొక్కటే ఆమెకు దక్కిన సుఖం.

ఇరవై ఆరేళ్ల కిందట ఆమె చదువు నైపుణ్యాలు అనే పాఠం చెప్పేది. అప్పటికింకా కూర్పరి లేదు, పట్టీలు లేవు. పిల్లలు పొద్దంతా ఫోన్లు చూసి పరీక్షల ముందు ఏడ్చేవాళ్లు. వాళ్ల మీద జాలితోనే ఆమె గడుల పుస్తకం తయారు చేసింది, ఇందులో మాత్రం అబద్ధం లేదు. రోజుకు నలభై ఎనిమిది గడులు, గడికి అరగంట. చదివితే ఆకుపచ్చ రంగు వేయాలి, తిండికీ నిద్రకూ నీలం, వృథా చేస్తే ఎరుపు. ఎవరి కాలం ఎటు పోతోందో వాళ్లకే కనిపిస్తే వాళ్లే దిద్దుకుంటారని ఆమె ఆశ.

తప్పల్లా మార్కుల దగ్గర జరిగింది. పుస్తకానికి ఐదు మార్కులు పెట్టింది. ఖాళీ గడి కనిపిస్తే సున్నా అంది. ఇంకేముంది, ప్రయోగశాల రికార్డుకు పట్టిన గతే ఈ పుస్తకానికీ పట్టింది. శనివారం పొద్దున తరగతికి అరగంట ముందు క్యాంటీన్ బల్లల చుట్టూ చేరి, బాగా రాసేవాడి పుస్తకం మధ్యలో పెట్టుకుని, వారం మొత్తం ఒక్క ఊపులో నింపేసేవాళ్లు. ఆకుపచ్చ పెన్సిళ్లు అరిగిపోయేవి, ఎర్రవి కొన్నవి కొన్నట్టే ఉండేవి. చాయ్ గ్లాసు అడుగు మరక ముప్పై పుస్తకాల్లో ఉండేది. చూసి చూడనట్లు ఆమె సంతకాలు పెట్టింది. రికార్డులు అందరూ చూసే రాస్తారు, అందరూ సంతకాలు పెడతారు, అందులో వింతేముంది అనుకుంది.

కూర్పరిని తయారు చేసినవాళ్లకు మనిషి ఒక రోజును ఎలా గడుపుతాడో చెప్పే నమూనా కావలసి వచ్చింది. ఎక్కడ వెతికినా అంత పెద్ద నమోదు ఇంకొకటి దొరకలేదు. నాలుగు వందల మంది రోజుకు పదకొండు గంటలు, మధ్యలో ఒక్క గడి ఖాళీ లేకుండా చదివారు. పైగా అందరి మంగళవారమూ ఒకేలా ఉంది. ఇంతమందికి ఒకేలా కుదిరిందంటే మనిషికి సహజమైన దినం ఇదేనని కూర్పరి తేల్చుకుంది. చూసి రాసినందువల్ల కుదిరిందని దానికి చెప్పినవాళ్లు లేరు. ఈ పుస్తకాలు నా ఎదుట ఏ రోజుకారోజు నింపినవే అన్న కాగితం ఆమె ముందు పెట్టినప్పుడు, సింధుజ ఊరి బస్సుకు టైమవుతోందని సంతకం చేసి లేచిపోయింది.

ఆ మంగళవారమే ఇప్పుడు ఆరు వేల మంది పిల్లల మణికట్ల మీద అదురుతోంది.

మూడూ నలభైకి గంగామణి వచ్చింది. పందొమ్మిదేళ్లుంటాయి. నూనె పెట్టి బిగించిన జడ, కుడిచేతి చూపుడువేలికి సిరా. విచారణ గది పరిశీలకుల వరసకు చివర గాజు పలకలతో కట్టింది, తలుపు లేదు.

"కూసో."

"నాలుగు నిమిషాలే అట గద మేడం. నిలవడే చెప్త."

"నాలుగు గంటలప్పుడు ఆ మెట్ల కాడ ఏం జేస్తవ్?"

"ఏం జెయ్య. ఒట్టిగ కూసుంట."

"నిద్రొస్తదా?"

"రాదు."

"ఇంటి మీద రంధి ఉంటదా? దానికి ఆరు ఉన్నది. ఆరు ఏస్త, నీ బదిలీ ఆగిపోతది."

గంగామణి తల అడ్డంగా ఊపింది. "ఇల్లు యాదికొస్తది గని అప్పుడు గాదు మేడం. అన్నం తినేటప్పుడు."

"పోనీ తలనొప్పి అని రాయనా?"

"వద్దు మేడం. పోయినేడు ఒక సారు నన్ను కాపాడనీకె కడుపునొప్పి అని రాసిండు. మూడు వారాలు గంజి పోసిన్రు నాకు. తలనొప్పి అంటే ఇంగేం జేస్తరో."

సింధుజకు నవ్వు వచ్చింది. "మరి నన్నేం రాయమంటవ్ బిడ్డా?"

"ఒట్టిగ కూసున్న అని రాయుండ్రి."

"దానికి సంఖ్య లేదు. మొత్తం ఉన్నయే పద్నాలుగు."

పిల్ల చేతులు కట్టుకుని గాజు పలక వైపు చూసింది. కోపం లేదు, బతిమాలడం కూడా లేదు.

"పొద్దటి సంది పట్టీ చెప్పినట్టే చదువుత మేడం. ఒక్క నిమిషం తప్పియ్య. మూడు దాటేటాలకు అన్నీ తలకాయల కుప్ప వడి ఉంటయ్. ఆ మెట్ల కాడ గోడ ముంగట ఎవరియో బట్టలు గాలికి కొట్టుకుంటుంటయ్. చూసుకుంట కూసుంటే ఒక్కొక్కటి దాని జాగల అది కూసుంటది. నేనేం జెయ్య. అదే కూసుంటది. దాన్ని చదువంటరో అనరో నాకు తెల్వదు."

"ఆరు ఏస్తే పాయె గద. ఒక్క ముచ్చట అబద్ధమైతే ఏమైతది?"

"ఇయ్యాల ఆరు ఏస్తరు. రేపు మళ్ల అదే అబద్ధం చెప్పాలె గద మేడం. ఎల్లుండి మళ్ల. నాకు గంత యాదికుండదు."

నాలుగు నిమిషాలు అయిపోయాయి. పట్టీ అదిరితే గంగామణి తలవూపి వెళ్లిపోయింది. బదిలీ గురించి ఒక్క మాట అడగలేదు.

సింధుజ తన బల్ల దగ్గరికి వచ్చి పిల్ల నమోదు మళ్లీ తెరిచింది. నాలుగూ నలభై తరగతిలో గంగామణి సాధించిన లెక్కలన్నీ అందులో వరసగా ఉన్నాయి. తోటివాళ్లకు నెల పట్టినవి కూడా ఉన్నాయి. అవన్నీ ఆ తరగతి బోధన గొప్పతనమని కూర్పరి రాసుకుంది. దానికి ముందున్న ఇరవై మూడు నిమిషాలను మాత్రం తీసి పారేయమంటోంది.

ఆమెకు సిగ్గు వేసింది. ఇరవై ఆరేళ్ల కిందట ఐదు మార్కులకు నాలుగు వందల మంది అబద్ధం రాశారు, తాను సంతకం పెట్టింది. ఈ పిల్ల తన చదువు మొత్తం పోతుందని తెలిసి కూడా ఒక్క సంఖ్య అబద్ధం రానివ్వలేదు. అయినా వృథా అని రాయాల్సింది ఈ పిల్ల పేరు మీదే.

ఆరు వేయవచ్చు. వేస్తే రేపు మళ్లీ ఇదే ఖాళీ వస్తుంది, ఇంకొకరి తెర మీదికి. వాళ్ల వేలు ఆగదు.

ఆమె గంగామణి నమోదు మూసి, ప్రమాణ దినం మూలపత్రం తెరిచింది. చివరన తన సంతకం. దాని కింద చిన్న అక్షరాల్లో ‘సాక్ష్యం ఉపసంహరణ’. ఇన్నేళ్లలో దాన్ని ఎవరూ నొక్కలేదు. నొక్కగలిగేది ఆమె ఒక్కతే.

ఉపసంహరణకు కారణ సంఖ్య తెలుపగలరు, అంది కూర్పరి.

సంఖ్య లేదు. ఆమె రెండు వేళ్లతో నెమ్మదిగా రాసింది. ‘ఈ పుస్తకాలు ఏ రోజుకారోజు నింపినవి కావు. శనివారం పొద్దున ఒకరిది చూసి ఒకరు నింపారు. నాకు అప్పుడే తెలుసు. తెలిసే సంతకం చేశాను.’

పట్టీ ఒకసారి అదిరింది.

ఇది తప్పుడు సాక్ష్యం కిందికి వచ్చును. పరిశీలకురాలి ఉద్యోగం రద్దగును. కొనసాగవలెనా?

పట్టీ రెండోసారి అదిరింది. జహీర్ మొదటిసారి తల తిప్పి ఆమె వైపు చూశాడు.

"అక్కా, ఏం జేస్తున్నవ్?"

"పాత రికార్డు దిద్దుతున్న," అంది సింధుజ, నొక్కింది.

కాసేపు ఏమీ జరగలేదు. తరువాత పరిశీలకుల వరసలో తెరలు ఒకటి తరువాత ఒకటి తెల్లబడ్డాయి. జహీర్ కళ్లు నులుముకుని తన తెర దగ్గరికి వంగాడు.

"నా కాడ నూట పదకొండు ఖాళీలుండె. ఒక్కటి లేదు. ఖాళీలు సున్నా అంటున్నది."

నిండు రోజు ఎలా ఉంటుందో చెప్పే నమూనా పోయాక ఏది ఖాళీయో కూర్పరికి తెలియడం లేదు. ఆమె తెర మీద రెండు వాక్యాలే మిగిలాయి. దాసరి గంగామణి బదిలీ: పోల్చుటకు ఆధారం లేదు, నిలిపివేయడమైనది. పరిశీలకురాలు సింధుజ: రేపు ఉదయం తొమ్మిది గంటలకు పై అంతస్తులో హాజరు కావలెను.

ఆమె సంచి తీసుకుని లేచింది. నడవాలో పిల్లలు తరగతి గుమ్మాల దగ్గర నిలబడి మణికట్లు తడుముకుంటున్నారు. మంచినీళ్లు తాగి రావచ్చా అని ఒకడు అధ్యాపకుణ్ని అడుగుతున్నాడు. ఆయన తన పట్టీ చూసుకుంటున్నాడు. ఒకమ్మాయి పుస్తకాలు గుండెకు అదుముకుని ఏడుస్తోంది, ఇప్పుడేం చదవాలో ఎవరైనా చెప్పండని. సింధుజకు బాధేసింది. ఈ పిల్లలకు రేపటి నుంచి ఎవరైనా మొదటి నుంచి నేర్పాలి. ఆ నేర్పేది తాను కాబోదు.

బట్టలారేసే మెట్ల దగ్గర గంగామణి ఒక్కతే ఉంది. తీగ మీద తువ్వాళ్లు గాలికి కొట్టుకుంటున్నాయి. సింధుజ మోకాళ్లు పట్టుకుని ఆమె పక్కన మెట్టు మీద కూర్చుంది. చెప్పాల్సింది చాలా ఉంది. పుస్తకాల గురించి, చాయ్ మరక గురించి, ఏడు పద్నాలుగుల గురించి. ముందు బదిలీ సంగతి చెబుదామని నోరు తెరిచింది.

"గంగామణీ, నీ..."

పిల్ల గోడ మీంచి చూపు తిప్పలేదు. సిరా అంటిన వేలు కొంచెం ఎత్తింది.

"జర ఆగుండ్రి మేడం."

సింధుజ ఆగింది.