మూడు అగ్గిపుల్లలు

ఇవార్ శవం దొరికినప్పుడు అతని ఎదురుగా ఉన్న ఇనప పొయ్యి ఖాళీగా ఉంది.

ఉత్తర ధ్రువం దగ్గరి స్వాల్బార్డ్ దీవుల్లో ఆ ఒక్క మాట చాలు. అది హత్యేనని అందరికీ అర్థమైపోతుంది. అక్కడ వేటగాళ్ళ గుడిసెలకి తాళాలుండవు. గుడిసె విడిచి వెళ్ళేవాడు పొయ్యిలో చితుకులు పేర్చి, వాటి మీద కట్టెలు పెట్టి, అగ్గిపెట్టె తెరిచి మూడు పుల్లలు సగం బయటికి లాగి ఉంచి వెళ్తాడు. తరవాత వచ్చేవాడి వేళ్ళు ఏ స్థితిలో ఉంటాయో ఎవరికి తెలుసు? కొయ్యబారిన వేళ్ళతో పెట్టె తెరవలేడు. పుల్ల ఒక్కటి గీయగలిగితే బతుకుతాడు. వచ్చేది శత్రువైనా సరే, ఈ పద్ధతి ఎవరూ తప్పరు.

ఇవార్ వచ్చేసరికి చితుకు లేదు. కట్టె లేదు. పుల్ల లేదు. రెండో రోజుకి గడ్డకట్టిపోయాడు. ముప్పై నాలుగేళ్ళవాడు. సీక్రెట్ సర్వీస్ ఏజెంట్.

శవాన్ని దుప్పటిలో చుట్టి తెచ్చింది అతని కన్నా ఇరవై ఏళ్ళు పెద్దవాడైన అన్న హల్వార్. అతనిదీ అదే సర్వీస్. ఏడవలేదు. ఆ రోజు నుంచి మూడు పుల్లలున్న అగ్గిపెట్టె ఒకటి జేబులో వేసుకుని తిరుగుతున్నాడు. ఎవరైనా సిగరెట్‌కి అడిగితే లేదంటాడు.

మూడేళ్ళు గడిచాయి.

నార్వే ఉత్తరాన ట్రోమ్సో రేవులో చేపల గిడ్డంగి పైన సర్వీస్ ఆఫీసు. చీఫ్ గుద్రున్ కిటికీ దగ్గర నిలబడి ఉంది. ఆమె, హల్వార్ ఒకే రోజు ఉద్యోగంలో చేరారు. ఆమె చీఫ్ అయింది. అతను అలాగే ఉన్నాడు.

"కూర్చో. కాఫీ పోసుకో."

పోసుకున్నాడు.

"పరాయి సబ్‌మెరైన్లు మన ఫ్యోర్డుల్లోకి, కొండల మధ్య సముద్రపు పాయల్లోకి దూరితే వినడానికి సముద్రం అడుగున చెవులు పెట్టాం. ఆ చెవులు ఎక్కడెక్కడున్నాయో చూపించే మ్యాప్ పోయింది."

"ఎవడు?"

"కోర్నెల్ వీస్. పైకి పక్షుల ప్రొఫెసర్. లోపల ముఠా నాయకుడు. ఎవరు కొంటే వాళ్ళకి అమ్ముతాడు. మ్యాప్‌ని ఒక ట్రాన్స్‌మిటర్ పెట్టెలో ఎక్కించాడు. గురువారం సాయంత్రం సరిగ్గా నాలుగింటికి కొన్నవాళ్ళ శాటిలైట్ స్వాల్బార్డ్ మీదుగా పోతుంది. ఆ క్షణాన పెట్టె మ్యాప్‌ని పైకి పంపేస్తుంది. నకలు లేదు. ఉన్నది ఆ పెట్టెలోనే."

"పెట్టె ఎక్కడ?"

"తెలిస్తే నిన్నెందుకు పిలుస్తాను? పోయిన నెల ఓడలో వెళ్ళి క్రోక్ ఫ్యోర్డ్ ఒడ్డున ఎక్కడో దాచాడు. ఈ గురువారం మళ్ళీ అదే ఒడ్డున దిగుతున్నాడు. కాపలాకి. ఓడ పేరు స్కార్వ్."

హల్వార్ కప్పు కింద పెట్టాడు. ఇవార్‌ని వదిలేసి వెళ్ళిన ఓడ అది.

"అవును. అప్పుడు ఇవార్ వెంటపడింది కూడా వీస్ వెంటే. నీకు ఇన్నాళ్ళూ చెప్పలేదు. చెబితే వాణ్ణి చంపేసి వచ్చి కాఫీ అడిగేవాడివి."

"ఇప్పుడెందుకు చెప్పావ్?"

"ఆ ఒడ్డు నీ అంత ఎరిగినవాడు లేడు కాబట్టి. వాడు నాకు ప్రాణంతో కావాలి హల్వార్. విన్నావా?"

అతను కిటికీలోంచి సముద్రం చూశాడు.

"నిన్నే. విన్నావా?"

"చెవులున్నాయి."

గుద్రున్ ఒక ఫ్లాస్క్ ముందుకి తోసింది. మూతలో రేడియో. "ప్రయాణికుల మీదికి ఎలుగుబంట్లు రాకుండా చూసే కాపలావాడిగా ఎక్కు. తుపాకీ నీ భుజాన ఉన్నా ఎవరూ అడగరు. ఓడలో మన మనిషి ఒకరున్నారు. వాళ్ళ మనిషీ ఒకరున్నారు."

"ఎవరెవరు?"

"ఇద్దరూ ఒకరే. పేరు రాగ్నీ. డబుల్ ఏజెంట్. జాగ్రత్త, అందగత్తె."

"ముసలోణ్ణి."

"అందుకే జాగ్రత్త అన్నాను."

స్కార్వ్ చిన్న ఓడ. నలభై మంది ప్రయాణికులు. ఎర్ర కోట్లు, మెళ్ళో బైనాక్యులర్లు. మంచు ముక్క కనిపిస్తే చాలు, ఫొటో.

దిగే తలుపు పక్కన ఒక చెక్క పలక. దానికి మేకులు, మేకులకి ఇత్తడి బిళ్ళలు. ఒక్కో ప్రయాణికుడికి ఒక్కో నంబరు. ఒడ్డుకి దిగేటప్పుడు బిళ్ళని ఎర్ర వైపు తిప్పాలి, తిరిగి ఎక్కినప్పుడు తెల్ల వైపు. ఎర్ర బిళ్ళ ఒక్కటి ఉన్నా కెప్టెన్ లంగరు ఎత్తడు. అన్నీ తెల్లగా ఉంటే వెనక్కి చూడడు.

ఇవార్ నంబరు ముప్పై ఒకటి. ఆ రోజు అతను ఒడ్డునే ఉన్నాడు. బిళ్ళ మాత్రం తెల్లగా ఉంది.

భోజనాల హాలు చూసుకునేది రాగ్నీ. నల్ల గౌను, మెళ్ళో ముత్యాలు, ఎర్రటి పెదవులు. ఆమె నడుస్తుంటే మగవాళ్ళ స్పూన్లు ఆగిపోయేవి. హల్వార్ వాఫిల్ అనే గళ్ళ అట్టు మీద గోధుమరంగు చీజ్ పెట్టుకుంటూ అడిగాడు.

"ఈ ఏడాది బంగారు బెర్రీలు ఎక్కడ కాశాయమ్మా?"

అది కోడ్. ఆ బెర్రీలు కాసే చోటు ఆ దేశంలో ఎవరూ ఎవరికీ చెప్పరు.

"కన్నతల్లి అడిగినా చెప్పను," అంది రాగ్నీ. జవాబు సరిపోయింది. పక్కన కూర్చుంది. "ఆ మూల బల్ల దగ్గరున్నాడే, సూప్ ఊదుకుంటున్నాడు, వాడే వీస్. తొమ్మిదో నంబరు."

హల్వార్ అటు చూడలేదు. "ముప్పై ఒకటో బిళ్ళ ఎవరు తిప్పారు?"

ఆమె చేతిలో గ్లాసు ఆగింది.

"నువ్వు... ఇవార్‌కి ఏమవుతావ్?"

"అన్నని."

దాన్ని బల్ల మీద పెట్టింది. తరవాత నెమ్మదిగా అంది. "నేనే తిప్పాను. అప్పుడు వీస్ మనిషిని. 'ఇవార్ ఎక్కేశాడు, స్నానానికి పోయాడు, బిళ్ళ తిప్పడం మర్చిపోయాడు' అన్నాడు. నమ్మాను. నాలుగో రోజుకి తెలిసింది. ఆ రోజే మీ చీఫ్‌కి ఫోన్ చేశాను. నన్ను చంపాలనుకుంటే చంపు. నేను అరవను."

"లైన్లో ఉండు," అన్నాడు హల్వార్. "నీ ముందు ఒకడున్నాడు."

వాఫిల్ తినేశాడు.

గురువారం. మూడింటికి రబ్బరు పడవలు ఒడ్డుకి చేరాయి. సన్నగా మంచు పడుతోంది. హల్వార్ ముందు దిగి, నీళ్ళలో నిలబడి, ఒక్కొక్కరికీ చెయ్యి అందించి దింపుతున్నాడు. వీస్ వంతు వచ్చింది. హల్వార్ చెయ్యి అందించాడు. వీస్ కాలు పడవ అంచు దాటింది. హల్వార్ చెయ్యి వదిలేశాడు.

వీస్ నీళ్ళలో వెల్లకిలా మునిగి, నిలువెల్లా తడిసి, కేక వేస్తూ లేచాడు.

"గాడిదా! కళ్ళు కనపడవా?"

"వయసైపోయింది సార్," అన్నాడు హల్వార్. "ఓడకి పంపించెయ్యమంటారా? వేడి నీళ్ళు, సూప్..."

"వద్దు!" అన్నాడు వీస్. మరీ త్వరగా అన్నాడు. "గుట్ట మీది ఆ గుడిసెలో ఆరబెట్టుకుంటాను. పక్షులు చూడాలి."

"పొయ్యి ఉంది సార్, వెలిగించుకోండి. అలా అరగంట ఉంటే వేళ్ళు పనిచెయ్యవు."

వీస్ పళ్ళు టకటకలాడించుకుంటూ గుట్టెక్కాడు. మిగతావాళ్ళు ఇంకో గైడ్‌తో ఒడ్డున పడుకునే వాల్రస్ జంతువుల్ని చూడ్డానికి వెళ్ళారు. హల్వార్ ఒక రాతి మీద కూర్చున్నాడు. కాఫీ తాగాడు. గుడిసె పొగగొట్టం వైపే చూస్తున్నాడు.

పావుగంట. ఇరవై నిమిషాలు. అరగంట. పొగ రాలేదు.

సముద్రంలో మునిగినవాడు, మంచు పడుతుంటే, పొయ్యి పక్కన పెట్టుకుని వెలిగించలేదు. ఆ దేశంలో పసిపిల్ల కూడా చెయ్యని పని అది.

హల్వార్ లేచాడు. ఆ గుడిసెలోనే అతను తమ్ముడి శవాన్ని చూసింది. తలుపు తోశాడు. మూడూ నలభై ఎనిమిది.

వీస్ గోడకి ఆనుకుని వణుకుతున్నాడు. పెదాలు నీలంగా ఉన్నాయి.

"అయ్యో, చలిమంట వేసుకోలేదేం సార్? ఉండండి, నేను వెలిగిస్తా."

"పొయ్యి ముట్టుకోకు!"

పిస్తోలు బయటికొచ్చింది. హల్వార్ వంగి పొయ్యి తలుపు తెరిచాడు. లోపల ఒక్క చితుకు లేదు. మెడ తిప్పి పైకి చూశాడు. పొగగొట్టంలో, చెయ్యి అందనంత పైన, నల్ల పెట్టె. పచ్చ దీపం. దాని తీగ గొట్టం మీదుగా ఆకాశంలోకి.

"తెలివైన చోటే," అన్నాడు.

"పన్నెండు నిమిషాలు కదలకుండా నిలబడు ముసలోడా. ఇంతకుముందూ ఒకడు నీలాగే కుక్కలా వాసన చూస్తూ వచ్చాడు. ఈ పొయ్యి నేనే ఖాళీ చేశాను. పుల్లలు నా జేబులోనే తీసుకెళ్ళాను. పాపం, దీన్ని కావలించుకుని చచ్చాడట కదా?"

"నా తమ్ముడు."

వీస్ ముఖం మారింది. ట్రిగ్గర్ నొక్కబోయాడు. వేలు వంగలేదు. రెండో చెయ్యి సాయం తెచ్చుకున్నాడు. అదీ వంగలేదు. పది వేళ్ళూ పది కట్టెలు.

"చెప్పాను కదా సార్. అరగంట ఉంటే పనిచెయ్యవని."

హల్వార్ తుపాకీ మడమతో ఒక్కటి ఇచ్చాడు. పిస్తోలు మూలకి పోయింది. వీస్ నేల మీద కూలబడ్డాడు.

మూడూ యాభై ఒకటి.

సంచిలోంచి చితుకులు, ఎండు బెరడు తీశాడు. మూడేళ్ళుగా అవి లేకుండా అతను గడప దాటలేదు. గోడ పక్కన కట్టెలున్నాయి గాని చెమ్మగా ఉన్నాయి. బెరడు కింద పెట్టాడు. జేబులోంచి అగ్గిపెట్టె తీశాడు. మూడు పుల్లలు.

మొదటిది గీశాడు. పొగగొట్టంలోంచి గాలి కొట్టి ఆర్పేసింది. రెండోది విరిగింది.

వీస్ నవ్వాడు. "మీ వంశానికి అగ్గి అచ్చిరాదు."

హల్వార్ మూడోది రెండు అరచేతుల మధ్య దాచి గీశాడు. బెరడు అంటుకుంది. గోడకున్న లాంతరులో కిరసనాయిలు ఉంటే మొత్తం కుమ్మరించాడు. మంట ఒక్కసారి బుస్సున గొట్టంలోకి లేచింది.

మూడూ యాభై ఎనిమిది. పచ్చ దీపం వెలుగుతూనే ఉంది.

యాభై తొమ్మిది. పైనుంచి నల్లటి చుక్కలు కారడం మొదలైంది. దీపం ఎర్రగా మారింది. గబగబా కొట్టుకుంటోంది. పది సెకన్లు. ఐదు.

టప్‌మని ఏదో పేలింది. కాలిపోయిన పెట్టె నిప్పుల మీద పడింది.

నాలుగయింది. శాటిలైట్ వచ్చింది, పోయింది. దానికి దొరికింది పొగ.

హల్వార్ ఫ్లాస్క్ మూత తిప్పి, రేడియోలో ఓడకి కలిపాడు. "రాగ్నీ. పెట్టె బూడిదైంది. తొమ్మిదో బిళ్ళ ఏ రంగు?"

"ఎరుపు."

"తిప్పెయ్."

కాసేపు రేడియో గరగరలాడింది. తరవాత ఇత్తడి చప్పుడు. "తెల్లగా ఉంది," అంది ఆమె.

వీస్‌కి అప్పుడు అర్థమైంది. "వద్దు! పేర్లు చెబుతాను. అందరి పేర్లూ చెబుతాను. నన్ను ఓడ ఎక్కించు!"

హల్వార్ పార అందుకున్నాడు. నిప్పులన్నీ ఎత్తి బయట మంచులో పోశాడు. అవి చుయ్యిమని ఆరిపోయాయి. పిస్తోలు సంచిలో వేసుకున్నాడు. మూడేళ్ళుగా అతను ప్రతి రోజూ అనుకున్నది ఒక్కటే. తమ్ముణ్ణి చంపినవాణ్ణి ఇదే గుడిసెలో, ఖాళీ పొయ్యి ముందు వదిలి తలుపు వెయ్యాలి.

తలుపు దాకా వెళ్ళాడు. అడుగు పడలేదు.

తిట్టుకుంటూ వెనక్కి వచ్చాడు. మోకాళ్ళ మీద కూర్చుని చితుకులు పేర్చాడు. పైన కట్టెలు పెట్టాడు. గుడిసె అంతా వెతికితే అలమర వెనక దొరికిన అగ్గిపెట్టె తీసి, మూడు పుల్లలు సగం బయటికి లాగి పొయ్యి మీద పెట్టాడు. మిగతావి జేబులో పోసుకున్నాడు.

"నా తమ్ముడికి ఒక్కటి కూడా లేదు," అన్నాడు. "నీకు మూడున్నాయి. వేళ్ళున్నాయేమో చూసుకో."

తలుపు బయట పెద్ద బండ దొర్లించాడు. వీస్ అరుపులు గుట్ట దిగేదాకా వినిపించాయి.

చివరి పడవలో అతనే ఆఖరివాడు. కెప్టెన్ పైనుంచి అరిచాడు. "అందరూ ఎక్కారా తాతా?"

"నన్నడుగుతావేం? పలక చూసుకో."

పలక అంతా తెలుపు. లంగరు లేచింది. రాగ్నీ తలుపు దగ్గర నిలబడి ఉంది. హల్వార్ ముప్పై ఒకటో నంబరు బిళ్ళని మేకు నుంచి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు.

"నా వంతు వచ్చిందా?" అంది.

"ఇదే నీ వంతు. బతికినన్నాళ్ళూ మెళ్ళో ఉండాలి. ముత్యాలు తీసెయ్."

ఆమె తీసేసింది.

వారం తరవాత ట్రోమ్సోలో గుద్రున్ బల్ల మీద గుద్దింది. "ప్రాణంతో కావాలన్నానా లేదా?"

"ప్రాణంతోనే వదిలాను."

"నేను పంపిన కోస్ట్‌గార్డ్ వాళ్ళు మర్నాడు పొద్దున్నే వెళ్ళి తెచ్చారు కాబట్టి సరిపోయింది. మూడో పుల్ల వాడు పళ్ళతో పట్టుకుని గీశాడట. రెండు వేళ్ళు తీసేశారు. ముఠాలో పదకొండు మంది పేర్లు కక్కేశాడు. ఇప్పటికైనా నీ కడుపు చల్లబడిందా?"

హల్వార్ కాఫీ పోసుకున్నాడు.

"గుడిసె నుంచి వచ్చేటప్పుడు పొయ్యి మళ్ళీ పేర్చి వచ్చాడా?"

"వాడా? లేదు. ఉన్న కట్టెలన్నీ కాల్చేసి వచ్చాడు."

"అయితే ఇంకా నేర్చుకోలేదు," అన్నాడు హల్వార్. "మళ్ళీ తీసుకెళ్ళి దింపమంటావా?"