చూసిందేదో చెప్పవే

ఆ ఉదయం కూడా ముహయ్యో వాకిలి ఊడ్చి, నీళ్లు చల్లి, మల్బరీ చెట్టు కింద చెక్క అరుగు మీద టీ సర్దింది. కెటిల్‌కు ఫోను ఆనించి వీడియో పెట్టుకుంది. మార్గిలాన్ పట్నంలో ఆ వీధి కోడళ్లందరిలోకీ ఎక్కువ తెలిసింది తనకేనని ఆమెకు గట్టి నమ్మకం. ఆరోగ్యం, పిల్లల పెంపకం, పుస్తకాల సారాంశం, ఏది దొరికినా చూడటం, చుట్టాలందరికీ పంపడం. మర్నాడు అడిగితే మాత్రం అంతా ఏట్లో కలిసిపోయేది.

"ఏం చూస్తున్నావే?" అంది అత్తగారు సబోహత్, రొట్టె తుంచుతూ.

"జ్ఞాపకశక్తి పెంచుకోవడం గురించి అత్తయ్యా. మీకూ పంపుతా."

"పంపడం కాదే, చెప్పు. ఆ ఫోను బోర్లించి నీ మాటల్లో చెప్పు. నోటితో చెప్పగలిగితేనే అది నీదైనట్టు."

"తర్వాత చెప్తాలెండి." ముసలామెకు రోజూ ఇదే చాదస్తం.

కాసేపటికి సబోహత్ కుడి చేతిలోంచి టీ గిన్నె జారింది. వేడి టీ ఒడిలో పడ్డా ఆమె అదరలేదు. మూతి ఓ పక్కకు లాగింది. ఏదో అనబోతే మాట ముద్దగా వచ్చింది.

"అయ్యో, దిష్టి! నిన్న పెళ్లిలో అందరి కళ్లూ మీ కొత్త పట్టు గౌను మీదే!"

ముహయ్యో పరుగున వెళ్లి దిష్టికి పొగ వేసే ఎండు ఇసిరిక్ మొక్కల కట్ట తెచ్చి అంటించింది. అత్తగారి తల చుట్టూ ఆ పొగ తిప్పి, పడుకోబెట్టి దుప్పటి కప్పింది. పుట్టింట్లోనూ అంతే చేసేవారు. నిద్రపోతే తగ్గుతుందనుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది.

మధ్యాహ్నం ఆడపడుచు జెబినిసో వచ్చి తల్లిని చూసి కేక పెట్టింది. ఆస్పత్రిలో డాక్టరు, "పొద్దున్నే తెచ్చి ఉండాల్సిందమ్మా," అని తల దించుకున్నాడు. మెదడులో రక్తం గడ్డకట్టిందట.

"పొగ వేశావా వదినా?" జెబినిసో తన ఫోను ఆమె మొహం ముందు పెట్టింది. "మూతి వంకరపోతే, చెయ్యి పడిపోతే, మాట తడబడితే క్షణం ఆగొద్దని ఈ వీడియోలో ఉంది. పోయిన వారం పంపింది నువ్వే! 'అందరూ తప్పక చూడండి' అని రాసి మరీ పంపావు!"

ముహయ్యో తెర మీద తను రాసిన మాటలే చదువుకుంది. అయినా ఉక్రోషం ఊరుకోదుగా.

"మరి నిన్న పెళ్లిలో అత్తయ్య చెయ్యి మొద్దుబారిందంటే, 'అలసటమ్మా, పడుకో' అన్నదెవరు? నేను పంపింది నువ్వెప్పుడు చూశావు?"

జెబినిసో ఫోను కిందికి దించింది. "ఇందాక, ఇక్కడికొచ్చాక," అంది. "నువ్వు పంపినప్పుడు చూడకుండానే గుండె బొమ్మ నొక్కి ఊరుకున్నాను."

తిట్టుకోవడానికి ఇద్దరికీ ఏమీ మిగల్లేదు. ఒకే బల్ల మీద కూలబడి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని ఏడ్చారు. ఏడిస్తే పోయిన పూట తిరిగి వస్తుందా!

కొన్నాళ్లకు సబోహత్ ఇంటికి వచ్చింది. కుడి చెయ్యి రాలేదు, మాట రాలేదు. ఓ సాయంత్రం ముహయ్యో ఆమె పక్కన కూర్చుని, చేతికి చేయించాల్సిన కసరత్తుల వీడియో పెట్టింది.

"చూడండి అత్తయ్యా, ఇలా చెయ్యాలట."

సబోహత్ ఎడమ చేత్తో ఫోను అందుకుని మెల్లగా బోర్లించింది. వంకర మూతిని కూడదీసుకుని కోడలి కళ్లలోకి చూసింది.

"చె... ప్పు."

ఆస్పత్రి నుంచి వచ్చాక ఆమె నోట వచ్చిన మొదటి మాట అది. ముహయ్యో కళ్లు తుడుచుకుంది. చెబుదామని నోరు తెరిచింది. ఇప్పుడే చూసింది కదా, ఒక్క ముక్కా గుర్తు రాలేదు.

"ఆగండి అత్తయ్యా," అంది వెక్కుతూ. "మళ్లీ చూసి వచ్చి చెప్తాను."