నా తరఫున నువ్వే మాట్లాడాలి

చీపురుపల్లిలో కృపారాణి ఇంట్లో పొద్దున్న ఇడ్లీకంటే ముందు ప్రార్థన. మిషను ఆసుపత్రిలో హెడ్‌నర్సుగా చేసి రిటైరైన మనిషి, ఇంటిని కూడా వార్డులాగే నడుపుతుంది. అందరూ చాపమీద కూర్చోవాలి, ఆవిడ పేరుపేరునా అందర్నీ దేవుడికి అప్పజెప్పాలి, ఆ తర్వాతే గిన్నెమీద మూత తియ్యాలి. ఆ రోజూ అప్పజెప్పింది. కూతురు షాలినిని, అల్లుణ్ణి, కోడలు కుమారిని, మనవల్ని, ఆఖరికి నడుంనొప్పితో మూలుగుతున్న పక్కింటి దాలమ్మని కూడా. ఒక్క కొడుకు రాబర్ట్ పేరు మాత్రం ఎత్తలేదు. మొన్నటి జబ్బు తగ్గి ఆసుపత్రినుంచి ఇంటికొచ్చినప్పట్నుంచీ ఇదే వరస. అయినా ‘ఆమెన్’ అందరికంటే గట్టిగా అన్నది ఆ రాబర్టే.

కుమారికి ఒళ్ళు మండిపోయింది. వంటింట్లో ప్లేట్లు టకటకలాడించింది.

“పక్కింటోళ్ళ నడుంకున్న విలువ నా మొగుడికి నేదు. సూస్తన్నావా ఒదినా? కన్నకొడుకుతో మాటాడి ఎన్నాళ్ళైందో అత్తకి. ఈయనేమో సీపురుపల్లంతా ఎతికి బత్తాయిలు తెస్తాడు, ఆవిడేమో నీ సేత్తో ఒలిస్తేనే తింటాది!”

షాలిని చట్నీ గిన్నె పట్టుకుని అలాగే నిలబడింది. ఆవిడ శ్రీకాకుళంలో లా కాలేజీ లెక్చరరు, తల్లికి జబ్బుచేసినప్పట్నుంచీ ప్రతి సెలవుకీ ఇక్కడికి వస్తోంది. నలభయ్యేళ్ళు దాటిన మనిషి, క్లాసులో గొంతెత్తిందంటే వెనకబెంచీ కూడా నోరు మూసుకుంటుంది. ఈ ఇంటికొచ్చేసరికి మాత్రం ఈ మధ్య ఆ గొంతు పెగలడం లేదు.

సంగతేమిటంటే, మనిషికి బతికే హక్కులోనే గౌరవంగా వెళ్ళిపోయే హక్కు కూడా ఉందని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పింది. కోలుకునే ఆశ లేని స్థితి వస్తే నన్ను యంత్రాలమీద ఉంచొద్దు అని మనిషి ముందుగానే రాసిపెట్టుకోవచ్చంది. ఒకసారి అన్నాల దగ్గర షాలిని ఈ తీర్పు గురించి చెబుతుంటే కృపారాణి ముద్ద పక్కన పెట్టేసింది.

“నాకలాంటి కాగితం రాయించవే. ఎంతమంది గొంతులో గొట్టాలు సర్దినానో నాకు తెలుసు. సేతులు మంచానికి కట్టీస్తే, ఇంక కళ్ళతోనే బతిమాలుకుంటారు. ఆ కళ్ళు నేను సూసినాను. నాకా గతి వద్దు. దేవుడు పిలిస్తే ఎల్తాను, మీరు అడ్డం పడకండి. నా తరఫున నువ్వే మాటాడాలి. రాబర్ట్‌గాడు ఏడుస్తాడు. నువ్వు ఏడవవు.”

కాగితం రాయించారు. షాలిని తల్లి చేతిలో చెయ్యి వేసి మాటిచ్చింది.

ఆ తర్వాత మొన్న వానాకాలంలో కృపారాణికి నిమోనియా వచ్చింది. విజయనగరంలో పెద్దాసుపత్రికి తీసుకెళ్ళారు. ఆవిడకి స్పృహ వచ్చేసరికి గొంతులో గొట్టం ఉంది, చేతులు మంచానికి కట్టేసి ఉన్నాయి. ఏ కళ్ళతోనైతే రోగులు తనని బతిమాలేవాళ్ళో ఆ కళ్ళతోనే చుట్టూ చూసింది. ఎవరు, ఎవరు పెట్టించారు అని ఆ కళ్ళు అడిగాయి. మంచం పక్కనున్న రాబర్ట్ తలొంచుకుని, “అక్కొచ్చేలోపు నేనే ఒప్పుకున్నానమ్మా” అన్నాడు. ఆవిడ బతికింది. గొంతు బొంగురుపోయింది, మంచినీళ్ళు తాగినా పొలమారుతోంది, నిద్రలో ఇప్పటికీ మణికట్లు విదిలించుకుంటూ ఉలిక్కిపడి లేస్తుంది. కొడుకుతో మాటలు మాత్రం తెగిపోయాయి.

ఈసారి ఇంకా గట్టి కాగితం రాయించాలని పట్టుబట్టి కూతుర్ని పిలిపించింది. టిఫిన్లయ్యేసరికి నోటరీ లాయరు ధనరాజు లాప్‌టాప్ సంచితో దిగాడు. షాలిని దగ్గర చదువుకున్నవాడే.

“అమ్మగారూ, ఈ తీర్పు మాకు మేడమే చెప్పారండీ. ఆ రోజు క్లాసులో ఫ్యాను చప్పుడు తప్ప ఇంకోటి వినపడలేదు!” అన్నాడు కూర్చుంటూనే.

కృపారాణి మొహం వికసించింది. “నా కూతురు మరి! రాసుకో బాబూ. నా తరఫున మాటాడీది షాలిని ఒక్కతే. ఇంకో ముక్క కూడా రాయాల. నా కొడుకు రాబర్ట్‌ని ఆ గదిలోకి రానివ్వకూడదు.”

ధనరాజు వేళ్ళు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే రాబర్ట్ అతనికి టీ పట్టుకొచ్చాడు. గ్లాసు చప్పుడు కాకుండా బల్లమీద పెట్టాడు.

“అలా రాయడం... అవసరమాండీ?” అన్నాడు ధనరాజు.

“అవసరమే. నమ్మకద్రోహి ఆడు. నా ఒంటిమీద నాకున్న హక్కుని తీసుకెళ్ళి ఆడి ఏడుపుకి కట్టీసినాడు.”

“రాయండి సార్. అమ్మెలాగంటే అలాగే” అన్నాడు రాబర్ట్ నేలచూపులు చూస్తూ.

“రాయండేటి రాయండి!” కుమారి వంటింట్లోంచి దూసుకొచ్చింది. “నీకు నోరు నేదా? ఓలమ్మో, కన్నతల్లి ఆఖరి సూపుకి కూడా పనికిరాకుండా పోయినావా? షాపు మూసుకుని ఆసుపత్రి వరండాలో దోమల్లో పడుకున్నది ఎవరు?”

“నువ్వూరుకోయే!”

“ఊరుకోను! ఒదినా, నువ్వైనా సెప్పు. నీ తమ్ముడు కాడా?”

షాలిని మొహం పాలిపోయింది. “ధనరాజూ, టైపు చెయ్యకు” అంది. “అమ్మా, డాక్టరు అడిగినప్పుడు రాబర్ట్ అక్కడ లేడు. రక్తం కోసం కిందికి వెళ్ళాడు. నన్నే అడిగారు. ముందుగా ఏమైనా కాగితం రాసుకున్నారా అని. లేదన్నాను. కాగితం నా హ్యాండుబ్యాగులోనే ఉంది. గొట్టం వెయ్యండి అన్నది నేనే.”

కృపారాణి విన్నది తలకెక్కనట్టు కూతురివంక చూసింది. “ఏటన్నావు?”

“నేనేనమ్మా.”

కుమారి కొంగు నోటికడ్డం పెట్టుకుంది. రాబర్ట్ మాత్రం, ఎందుకు చెప్పావే అన్నట్టు అక్కవైపు చూశాడు.

షాలిని గబగబా అందుకుంది. “కానీ అమ్మా, తీర్పు ప్రకారం చూసినా ఆ కాగితం అప్పుడు వర్తించదు. ఇక కోలుకోరని డాక్టర్ల బోర్డు తేల్చాలి. తర్వాత రెండో బోర్డు కూడా ఒప్పుకోవాలి. నీకు సగానికి సగం ఆశ ఉందన్నారు...”

“ఆగు.” నర్సమ్మ గొంతు అది, బొంగురుగా ఉన్నా పదును తగ్గలేదు. “కోర్టు సంగతి నేనడగనేదు. కాగితం సెల్లుతాదో సెల్లదో ఆ డాక్టర్లు సూసుకుంటారు. అసలు కాగితమే నేదని ఎందుకన్నావు? ఒకటి సెప్పు. తీర్పు గుర్తొచ్చి నేదన్నావా, నేదనీసినాక తీర్పు గుర్తొచ్చిందా?”

ఎంత లా చదివితే ఏం లాభం!

“తర్వాతే” అంది షాలిని.

కృపారాణి కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. దగ్గొచ్చింది, ఆపుకుంది. “ఆడు సేసినాడనుకుంటేనే కడుపు రగిలిపోయింది. ఆడి మీద నాకు ఆశ నేదు కాబట్టి తట్టుకున్నాను. నిన్ను నమ్మినాను కదే! సేతిలో సెయ్యేసినావు. పోనీ భయపడినావు, అబద్ధమాడినావు, ఒప్పుకుంటాను. ఇన్నాళ్ళూ నా ఎదురుగా కూసుని, నేనాణ్ణి తిట్టిన తిట్లన్నీ ఇంటా, బత్తాయిలు ఒలిచి నోట్లో పెట్టినావు సూడు! గొట్టం కంటే అదే ఎక్కువ నొప్పి పెడతన్నాది నాకు.” కొడుకువైపు తిరిగింది. ఇన్నాళ్ళకి మొదటిసారి వాడితో మాట్లాడింది. “నువ్వెందుకు నేనే అన్నావురా, ఎర్రిముండావోడా?”

“నీ తిట్లు నాకు సిన్నప్పట్నుంచీ అలవాటే కదమ్మా. అక్కకి అలవాటు నేదు. ఆ రోజు నేను పైకొచ్చేసరికి అది గోడ పట్టుకుని నిలబడుంది. దాని మొహం సూస్తే పడిపోతాదనిపించింది.”

కృపారాణి ధనరాజువైపు తిరిగి, “షాలిని పేరు కూడా కొట్టీ బాబూ” అంది. “ఇంక నా తరఫున మాటాడీవోళ్ళెవరూ నేరు నాకు. ఇద్దరు పిల్లల్ని కన్నాను, ఒక్క మాటకి ఒక్కరూ నేరు.”

షాలిని బ్యాగు తీసుకుని లేచింది. గుమ్మం దాకా వెళ్ళింది.

“కంట్లో చుక్క కూడా రాదు సూడు. రాయి” అంది కృపారాణి వెనకనుంచి.

ఆ మాటకి షాలిని గిరుక్కున తిరిగింది. “అవును, రాయినే! ఎవరు చేశారు? నాన్నని సమాధుల తోటలో గోతిలోకి దించుతున్నారు. నాకు పదమూడేళ్ళు. నోరు తెరిచి ఏడవబోతే నా జబ్బ పట్టుకుని నొక్కావు. నువ్వేడిస్తే తమ్ముణ్ణెవరు పట్టుకుంటారే అన్నావు. అప్పట్నుంచీ పట్టుకునే ఉన్నాను కదమ్మా! వాణ్ణి పట్టుకున్నాను, నిన్ను పట్టుకున్నాను. ఆ కాగితం రాయించేటప్పుడు, నువ్విది చెయ్యగలవా అని నన్నడిగావా? ఏడవవు కాబట్టి నువ్వే అన్నావు. డాక్టరు అడుగుతుంటే నాకు తీర్పూ గుర్తులేదు, మాటా గుర్తులేదు. అమ్మ కావాలి, అంతే. తమ్ముడు తన మీద వేసుకుంటే నోరు మూసుకున్నది తప్పే. నువ్వు నన్ను కూడా వెలేస్తావని భయమేసింది. నాకు భయం వెయ్యకూడదా?”

కృపారాణికి ముందు గుర్తురాలేదు. తర్వాత వచ్చింది. ఆ ఎండ, ఆ ఎర్రమట్టి కుప్ప, తన వేళ్ళకింద సన్నటి జబ్బ. పట్టుకున్నది గుర్తుంది గానీ, ఆ పిల్ల మొహం ఎలా ఉందో మాత్రం ఎంత తలుచుకున్నా గుర్తురాలేదు. చూస్తే కదా! వార్డులో ఎంతమంది పిల్లల్ని ఒళ్ళోకి లాక్కుని, ఏడవమ్మా, ఏడిస్తే బరువు తగ్గుతుందని వీపు నిమిరిందో లెక్కలేదు. కన్నకూతురికి ఆ మాట ఒక్కసారి కూడా చెప్పలేదు. పైగా పిల్ల గట్టిదని ఊరంతా గొప్పలు చెప్పుకుంది.

కుర్చీలోంచి మెల్లగా లేచింది. రాబర్ట్ పట్టుకోబోతే వద్దని, తనే గోడ పట్టుకుని గుమ్మం దగ్గరికి నడిచింది.

“నువ్వు సేసింది ద్రోహమే. దానికి కోపం నాకు ఇంకా ఉన్నాది, ఇంకొన్నాళ్ళు ఉంటాది.”

“ఉండనీ” అంది షాలిని.

“నేను సేసిందీ తక్కువ కాదు. ఇలగరా.” కూతురి తల తన భుజంమీదికి లాక్కుంది. “ఏడవే. ఎవర్నీ పట్టుకోనక్కర్నేదు. ఏడు.”

మొదట భుజాలు కదిలాయి. ఆ తర్వాత ఇన్నేళ్ళదీ ఒక్కసారిగా కట్ట తెగింది. చదువుకున్న మనిషి, నిండు క్లాసు ఎదుట పాఠం చెప్పే మనిషి, పిల్లలా వెక్కివెక్కి ఏడ్చింది. కృపారాణి బొంగురు గొంతుతోనే ఊఁ, ఊఁ అంటూ వీపు నిమిరింది. కుమారి కళ్ళు తుడుచుకుంటూ వదిన చేతిలోంచి బ్యాగు తీసుకుని లోపల పెట్టేసింది.

ధనరాజు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. “అమ్మగారూ, నేను ఇంకో రోజు రానాండీ?”

“కూసో బాబూ. ఇద్దరి పేర్లూ రాయొచ్చా?”

“రాయొచ్చు” అంది షాలిని, ముక్కు ఎగబీలుస్తూ భుజంమీదనుంచే. “తర్వాత నిబంధనలు సవరించారు. ఒకరికంటే ఎక్కువమందిని పెట్టుకోవచ్చు.”

“సూడు, ఏడుస్తా కూడా పాఠం సెప్తాది!” అంది కృపారాణి. కూతురి మొహం రెండు చేతులతో పైకెత్తింది. “ఇప్పుడడుగుతన్నాను. నువ్వు వద్దంటే కోపపడను. ఆ రోజొచ్చి, ఇంక నాకు ఆశ నేదని డాక్టర్లు తేల్చీస్తే, నా మాట సెప్పగలవా?”

షాలిని తల్లి కళ్ళలోకి చూసింది. “చెప్తాను. కానీ వీడు నా పక్కన ఉండాలి.”

“నేను ఏడుస్తాను కదే!” అన్నాడు రాబర్ట్. అప్పటికే ఏడుస్తున్నాడు.

“ఏడవరా. నేనూ ఏడుస్తాను.”

కృపారాణి కొడుకు చెయ్యి కూడా అందుకుని ధనరాజువైపు తిరిగింది. “రాసుకో బాబూ. నా తరఫున ఇద్దరూ మాటాడతారు. ఏడుస్తారు. అయినా సెప్తారు.”

“ఏడుస్తారన్న ముక్క కూడా రాయాలాండీ?”

“రాయి.”