నలభై రోజుల కావలి

నలభై రోజులుగా పేర్రాజు నోట్లో రిటైనర్ లేదు. అయినా రోజుకి ఇరవై నాలుగు గంటలూ పెట్టుకుంటున్నాడని కాకినాడలో అతను వెళ్ళే పళ్ళాసుపత్రి కంప్యూటర్ మెచ్చుకుంటూనే ఉంది.

క్లిప్పులు తీసేశాక పళ్ళు ఊరుకోవు, పాత చోటికి పోవాలని చూస్తాయి. అందుకే ఆ ప్లాస్టిక్ తొడుగు అన్నం తినేటప్పుడు తప్ప తియ్యకూడదు. జనం తీసేస్తారు, తియ్యలేదని డాక్టరుతో బొంకుతారు. ఆ బొంకులు విని విని విసుగెత్తి డాక్టర్ హైమవతి ‘కావలి’ కనిపెట్టింది. మామూలు రిటైనర్‌లోనే బియ్యపుగింజంత చిప్. ఒంటి వేడే దానికి కరెంటు. వెచ్చగా తడిగా ఉంటే నోట్లో ఉన్నట్టు, లయగా కదిలితే దవడ ఆడుతున్నట్టు లెక్క. రోజుకి ఇరవై గంటలకి తగ్గితే మళ్ళీ రెండేళ్ళు క్లిప్పులు.

ఆ రెండేళ్ళ రుచి పేర్రాజుకి తెలుసు. చేగోడీలు టీలో నానబెట్టుకు తిన్న మనిషి పాపం.

నలభై రోజుల కిందట ఒక పెళ్ళిభోజనంలో అతను కావలిని తీసి విస్తరి చివర పెట్టాడు. మూడు బొబ్బట్లు తిన్నాడు, మర్యాదగా విస్తరి మడిచాడు, లేచాడు. ఇంటికొచ్చాక నాలుక పళ్ళకి తగిలేసరికి గుర్తొచ్చింది. ఫోన్లో చూస్తే కావలి గుర్తు ఊరి చివర కాలవగట్టు మీద నడుస్తోంది.

పరిగెత్తాడు. అక్కడ ఒక గేదె నీళ్ళలో పడుకుని తీరిగ్గా నెమరేస్తోంది. గట్టు మీద దాని యజమాని అచ్చియమ్మ కూర్చుంది.

“మండపం ఎనకాల ఇస్తరాకులన్నీ మా రాజ్యమే తినేసిందండి,” అంది గేదెని చూపిస్తూ గర్వంగా. “ప్లాస్టిక్కా? ఇదేం కొత్త కాదండి. కడుపులోకెల్లిందంటే ఇంక బయటికి రాదండి.”

ఆ రాత్రే ఆసుపత్రి నుంచి మెసేజ్ వచ్చింది: ఇరవై నాలుగు గంటలు, భేష్. పేర్రాజు తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకున్నాడు. నెల తిరిగేసరికి ముందు పన్ను పక్క పన్ను మీదికెక్కింది.

నలభయ్యో రోజు ఆసుపత్రికి వెళ్ళక తప్పలేదు. వరండాలో పాతికమంది బెంచీల మీద కూర్చుని, తిండేమీ లేకుండానే నెమ్మదిగా దవడలాడిస్తున్నారు.

“మీ చలవే,” అంది హైమవతి అతన్ని లోపలికి పిలిచి. “మీరు రోజుకి ఎనిమిది గంటలు దవడాడిస్తున్నారు. అందుకే మీది మొదటి ర్యాంకు. మిగతా అందరికీ అదే వ్యాయామం రాసిచ్చాను. ఏదీ, నవ్వండి.”

నవ్వాడు. ఆమె చాలాసేపు పళ్ళకేసి చూసింది, తర్వాత స్క్రీన్‌కేసి చూసింది. మళ్ళీ పళ్ళకేసి చూసింది.

“ఇరవై నాలుగు గంటలు పెట్టుకున్నా ఇలా అయిందంటే మీ పళ్ళు మహా మొండివి. ఈసారి క్లిప్పులు నాలుగేళ్ళుంచాలి.”

నాలుగేళ్ళు అనేసరికి పేర్రాజుకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పెళ్ళి, విస్తరి, కాలవ, రాజ్యం, అన్నీ కక్కేశాడు.

హైమవతి కళ్ళజోడు తీసి తుడుచుకుంది. బయట దవడలాడుతున్న చప్పుడు లోపలికి వినబడుతోంది.

“ఆ గేదె పళ్ళు ఎలా ఉన్నాయి?” అంది చివరికి.

పేర్రాజు గుర్తు చేసుకున్నాడు. “చక్కగా, వరసగా ఉన్నాయండి.”

“అయితే కావలి బాగానే పనిచేస్తోంది,” అని రాసుకుని, అతన్ని కుర్చీలో వెనక్కి వాలి నోరు తెరవమంది.