తేలిక రాయి

"సార్, ఈ రాయి శానా తేలిగ్గా ఉండాది."

2007 మార్చి పన్నెండు, ఉదయం పదకొండు గంటలు. బేతంచెర్ల రైల్వేస్టేషన్ ఎదురుగా ఉన్న ఎస్‌టీడీ బూత్‌లో నిలబడి ప్రేమయ్య ఆ మాట చెప్పాడు. హైదరాబాదులో ఫోన్ ఎత్తినవాడు జ్ఞానేశ్వర్. నిఘా డిపార్ట్‌మెంట్ రికార్డుల్లో ఏజెంట్ పదిహేడు. ప్రేమయ్యకు మాత్రం పాత యజమాని కొడుకు. జ్ఞానేశ్వర్ నాన్నగారి పాలిష్ యూనిట్‌లో ముప్పై ఏళ్లు బండలు కోసిన చేతులవి. రాయిని ఇలా ఎత్తి అలా బరువు చెప్పేస్తాయి.

"ఏం రాయి ప్రేమయ్యా?"

"నల్లరాయి సార్. పుస్తకమంత. ఎవరో తెల్లాయన తెచ్చి పేరు చెక్కమన్యాడు. హిమాలయాల్లో సచ్చిపోయిన ఒకాయనకు గుర్తుగా కొండమీద పెడతారంట. రాయి రాయి మాదిరి లేదు సార్. ఉండాల్సిన దాంట్లో సగం బరువు గూడా లేదు. చెవి ఆనిస్తే లోపల జుయ్యిమంటాది."

"ఆడనే ఉండు. గంటలో మనిషిని పంపిస్తా."

ప్రేమయ్య ఆడనే ఉన్నాడు. ఇరవై నిమిషాల తర్వాత నంబరు ప్లేటు లేని బండల లారీ ఒకటి బూత్ మెట్ల మీదికి ఎక్కింది.

వారం తర్వాత కర్నూలులో, తుంగభద్ర ఒడ్డున ఒక గెస్ట్‌హౌస్‌లో బ్రీఫింగ్. చీఫ్ రాఘవేంద్రప్రసాద్‌ను అందరూ ఆర్పీ అంటారు. ప్రేమయ్య పోయినందుకు సంతాపాలు చెప్పే మనిషి కాదాయన.

"టార్గెట్, శ్వేతధ్వజ్ శిఖరం. ఏడు వేల నూట ఇరవై మీటర్లు. కెల్నర్ అనే విదేశీయుడు క్లయింట్లను గైడ్లతో పైకి తీసుకుపోతాడు. ఈ సీజన్‌లో ఏడుగురు. నువ్వు ఎనిమిదోవాడివి. కవర్, బేతంచెర్ల బండల వ్యాపారి. నీకు మేకప్ కూడా అక్కర్లేదు."

"రాయిలో ఏముంది సార్?"

"రిసీవర్. శిఖరానికి కాస్త కింద, ఆరు వేల ఎనిమిది వందల మీటర్ల దగ్గర, భుజంలాంటి చోటు ఉంది. అక్కడ పెట్టి ఆన్ చేస్తే లోయలో మన సైన్యం వైర్‌లెస్‌లో మాట్లాడే ప్రతి మాటా సరిహద్దు అవతల వినబడుతుంది. ఆరంకెల కోడ్ కొట్టాలి. అది కెల్నర్ తలలో ఉంది."

"ఇప్పుడే పట్టుకుంటే?"

"రాయి దొరుకుతుంది, ముఠా దొరకదు. ఆన్ చేసే ముందు వాడు శాటిలైట్ ఫోన్‌లో పైవాళ్లతో మాట్లాడతాడు. ఆ కాల్ అవ్వాలి. కోడ్ మాత్రం పూర్తి కాకూడదు. ఆ రెండింటి మధ్యే నీ పని."

ఆర్పీ ఒక ఫొటో ముందుకు జరిపాడు. ముప్పై రెండేళ్ల స్త్రీ. ఎండకు కమిలిన అందమైన ముఖం, చేతిలో ఐస్ యాక్స్.

"హిమబిందు. రాజంపేట వాళ్లు. భర్త భూపేష్ 2003లో ఇదే కొండమీద కనబడకుండా పోయాడు. ఆ రాయి అతని పేరున పెట్టేదే. ముఠా తన దగ్గరికి రాగానే ఆమె వచ్చి మనకు చెప్పింది. వాళ్లతో నడవమన్నాం. ఆమె మన మనిషి. అయితే వాళ్లు ఆమెకు ఏం ఆశ చూపించారో మాత్రం మనకు చెప్పలేదు. మనమే కనుక్కున్నాం. భూపేష్ బతికే ఉన్నాడనీ, అవతల జైల్లో ఉన్నాడనీ, పని అయితే వదిలేస్తామనీ చెప్పారు."

"నిజమేనా?"

ఆర్పీ రెండో ఫైల్ తెరిచాడు. 2004 ఆగస్టులో మన పెట్రోల్ మంచులో ఒక శవాన్ని కనుగొంది. అక్కడే పూడ్చింది. ఫొటోలు ఉన్నాయి. భూపేష్.

"ఆమెకు చెప్పలేదా?"

"చెప్తే ప్రయాణం మానుకుంటుంది. రాయి మనకు తెలియని ఇంకొకరి బ్యాగులో పోతుంది. ఆశ ఉన్న మనిషే నడుస్తుంది జ్ఞానేశ్వర్. ఏ పరిస్థితిలోనూ ఆమెకు చెప్పకూడదు. ఇది ఆర్డర్."

నలభై ఒకటో ఏట జ్ఞానేశ్వర్ కొండలెక్కడం మొదలుపెట్టాడు. ఏప్రిల్ ఎండలో వీపున బండలు నింపిన సంచితో బేతంచెర్ల గుట్టలు ఎక్కి దిగాడు. చలి అలవాటు కావడానికి కర్నూలు ఐస్ ఫ్యాక్టరీలో రోజూ రెండు గంటలు ఐసు దిమ్మెల మధ్య కూర్చున్నాడు. "ఏమప్పా, మీ ఇంట్లో ఫ్యాను లేదా?" అని అక్కడి కూలీలు అడిగారు.

మే నెలలో కడపలో హిమబిందుకు వీడ్కోలు సభ. దండలు, విలేకరులు, కెమెరాలు. జనంలోంచి తోసుకుంటూ జ్ఞానేశ్వర్ ఆమె ముందు నిలబడ్డాడు.

"కడపలో వాన పడిందామ్మా?"

"పడింటే మేం మంచుకోసరం అంత దూరం ఎందుకు పోతామన్నా?"

గుర్తుమాట సరిపోయింది. ఆమె నవ్వింది. కానీ ఆ నవ్వులో జ్ఞానేశ్వర్ ఎదురుచూడనిది ఒకటి కనబడింది. సంతోషం. మొగుడి పేరు చెక్కిన రాయిని మోసుకుపోయే మనిషి ముఖంలో అది ఉండకూడదు. ఆమె ఎవరినో ఇంటికి పిలుచుకురావడానికి పోతోంది.

బేస్ క్యాంప్ దాకా అంతా ప్లాన్ ప్రకారమే సాగింది. కెల్నర్ పొడవాటి మనిషి, మర్యాదస్తుడు. క్లయింట్ల బూట్ల తాళ్లు కూడా తనే సరిచూసేవాడు. ఆ చేతులే బేతంచెర్లకు లారీ పంపాయని జ్ఞానేశ్వర్ రోజూ తనకు తాను గుర్తు చేసుకోవలసి వచ్చేది. కొండకు ఎక్కే తాళ్లు కట్టే పని పసంగ్ అనే షెర్పాది. అతను తక్కువ మాట్లాడతాడు, అన్నీ చూస్తాడు.

ఆరు వేల నూరు మీటర్ల ఎత్తున, రెండో క్యాంపులో, ప్లాన్ కూలింది.

ముందు తలనొప్పి. తర్వాత వాంతులు. మర్నాటికి దగ్గితే నురుగు పడింది. పడుకుంటే రొమ్ములో నీళ్ల కుండ కదిలినట్టు గలగల. పసంగ్ చెవి ఆనించి విన్నాడు.

"లంగ్స్‌లో నీళ్లు. పైకి కాదు సార్, కిందికి. రేపు నేను మోసుకుపోతా. అందాకా ఈ ఆక్సిజన్ పెట్టుకుని పడుకోండి."

మిగతా క్లయింట్లు కింద మొదటి క్యాంపులో ఆగారు. భుజం దాకా పోయేది ముగ్గురే. కెల్నర్, హిమబిందు, పసంగ్. ఏజెంట్ పదిహేడు లేచి కూర్చోవడానికి రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ పక్కకు ఒరిగాడు. బటన్ కెమెరా బ్యాటరీ చలికి చచ్చింది. ట్రాకర్ గడియారం నిన్నటి టైమే చూపిస్తోంది. ఆఫీసు ఇచ్చిన సామానులో ఇంకా పనిచేస్తున్నవి రెండే. బైనాక్యులర్స్, ఉన్ని టోపీ.

తెల్లవారగానే హిమబిందు గుడారంలోకి దూరింది. వేడినీళ్ల ఫ్లాస్కు పక్కన పెట్టింది.

"అన్నా, నేను పోతాండా. నువ్వు పైకి రాలేవు గదా. అందుకే ఒక మాట చెప్పిపోదామని."

"రాయి వాని చేతికి ఇయ్యొద్దమ్మా."

"ఇస్తాండా." ఆమె ఫ్లాస్కు మూత బిగించింది. "మీకు చెప్పలేదు. భూపేష్ బతికుండాడన్నా. ఫొటో చూపిచ్చినారు. గడ్డం పెరిగింది, చిక్కిపోయినాడు. రాయి ఆన్ అయితే నెలలో ఇడిసిపెడతారంట. దేశానికి ద్రోహమని నాకు తెలుసు. జైలుకు పంపు, పోతా. ఆయప్ప ఇంటికొచ్చినాక పోతా."

జ్ఞానేశ్వర్ స్లీపింగ్ బ్యాగ్ కిందికి చెయ్యి పోనిచ్చి పిస్టల్ తీశాడు. ఆమె బెదరలేదు. పసిబిడ్డ చేతిలోంచి కత్తెర తీసుకున్నట్టు తీసుకుని పక్కన పెట్టింది.

"దానిలో చమురు గడ్డ కట్టిందన్నా. నిన్ననే చూసినా."

చెప్పాలి. నాలుక చివరే ఉంది. ఫొటో దొంగది, నీ మొగుణ్ణి మావాళ్లే పూడ్చిపెట్టారు, మూడేళ్లుగా మాకు తెలుసు. ఆర్డర్ గుర్తొచ్చింది. దానికంటే సిగ్గు ముందు నిలబడింది. మూడేళ్లు దాచి, ఇప్పుడు తమకు అవసరమైంది గనక చెప్పడమా? దగ్గు ముంచుకొచ్చింది. అది తగ్గేసరికి గుడారం జిప్పు మూసుకుపోయింది.

నాలుగు గంటలు. బయట గాలి, లోపల తన ఊపిరితిత్తుల చప్పుడు. మొహం మీద గుడారం మంచు రాలుతోంటే తుడుచుకోను కూడా చెయ్యి లేవలేదు. ప్రేమయ్యను ఆడనే ఉండమన్నాడు. తెలిసింది దాచి ఈమెనూ పైకి పోనిచ్చాడు. తన మాట విన్నవాళ్లంతా ఎక్కడో ఒకచోట నిలబడి ఉంటారు, తాను మాత్రం ఎప్పుడూ దూరంగా ఉంటాడు.

పది గంటలకు మోచేతుల మీద పాకి గుడారం మూతి దగ్గరికి చేరాడు. రెండడుగుల దూరానికి పది నిమిషాలు పట్టింది. బైనాక్యులర్స్ ఎత్తాడు. తెల్లటి భుజం మీద మూడు చుక్కలు. పొడవాటి చుక్క చెవి దగ్గర చెయ్యి పెట్టుకుంది. శాటిలైట్ ఫోన్. కాల్ అయిపోయింది. మధ్యనున్న చుక్క బ్యాగులోంచి నల్లటిదాన్ని తీసింది.

అందరి దగ్గరా ఎక్స్‌పెడిషన్ వాళ్లిచ్చిన వాకీటాకీలు ఉన్నాయి. ఒకే ఛానెల్. తాను ఏం చెప్పినా కెల్నర్ కూడా వింటాడు. వింటే విననీ. వాడికి తెలుగు రాదు.

"హిమబిందమ్మా, వినపడతాందా?"

కరకర. తర్వాత ఆమె గొంతు. "అన్నా, ఊరికే పండుకో."

"భూపేష్ లేడమ్మా. 2004 ఆగస్టులో మావాళ్లకు దొరికినాడు. మంచులోనే పూడ్చినారు. మాకు తెలుసు. నీకు చెప్పలేదు."

గాలి హోరు. కెల్నర్ గొంతు ఇంగ్లీషులో అడిగింది, "ఏమంటున్నాడు?"

"నీళ్లు కావాలంట," అంది ఆమె ఇంగ్లీషులోనే. తర్వాత తెలుగులో, "అబద్ధాలు. రాయి ఆపేదానికి చెప్తాండావు."

"ఫొటోలు చూసినా తల్లీ. లోపల తెల్లచొక్కా. ఎడమ జేబు చినిగింటే ఎవరో కుట్టినారు. ఆకుపచ్చ దారంతో."

పొడవాటి చుక్క ఒంగింది. కోడ్ నొక్కుతోంది. ఎన్ని అంకెలు అయ్యాయో జ్ఞానేశ్వర్ లెక్కపెట్టలేకపోయాడు. అద్దాలకు ఆవిరి పట్టి భుజం, ఆకాశం, చుక్కలు అన్నీ కలిసిపోయాయి. అరవాలనుకున్నాడు. దగ్గు వచ్చింది.

"తెల్లదారం అయిపోయింటే," అంది రేడియోలో గొంతు, మెల్లగా, తనతో తాను మాట్లాడుకుంటున్నట్టు. "బస్సుకు టైమయ్యిందని ఆయప్ప వాకిట్లో నిలబడి అరుస్తాంటే, ఏది చేతికొస్తే దాంతో కుట్టిచ్చినా."

పైన కెల్నర్ ఐదో అంకె నొక్కాడు. ఆరోదాని మీదికి వేలు పోయింది. హిమబిందు ఇనుప ముళ్ల బూటుతో తన్నింది.

నల్లటి రాయి మంచు మీద ఒకసారి ఎగిరి, జారి, అంచు దాటింది. మనవైపు లోయలో, పదిహేను వందల మీటర్ల కిందికి. శబ్దం కూడా రాలేదు.

కెల్నర్ ఐస్ యాక్స్ ఎత్తి ఆమె వైపు తిరిగాడు. అడుగు పడకముందే నడుము దగ్గర తాడు బిగుసుకుని మోకాళ్ల మీద పడ్డాడు. రెండో కొస పసంగ్ చేతిలో ఉంది.

"సార్," అన్నాడు పసంగ్ ఎప్పటి గొంతుతోనే. "నేను లేకుండా మీరు కిందికి పోలేరు. యాక్స్ ఇచ్చేయండి. నెమ్మదిగా పోదాం."

కెల్నర్ కింద గ్లేసియర్ వైపు చూశాడు, తాడు వైపు చూశాడు. యాక్స్ ఇచ్చేశాడు. బేస్ క్యాంప్‌లో వంటవాళ్లు ఆప్రాన్లు విప్పి తుపాకులు తీశారు. వాళ్లంతా సైనికులు. శాటిలైట్ ఫోన్‌లోని ఆ ఒక్క నంబరుతో వారంలో తొమ్మిదిమంది దొరికారు. లారీ డ్రైవర్ ఆళ్లగడ్డలో పట్టుబడ్డాడు.

దిగేటప్పుడు జ్ఞానేశ్వర్‌ను స్లీపింగ్ బ్యాగులోనే మూటగట్టి స్లెడ్జి మీద లాగారు. ఆమె పక్కన నడిచింది. రెండో రోజు, గ్లేసియర్ తోసుకొచ్చి కుప్పపోసిన మొరేన్ రాళ్ల దగ్గర ఆగి అడిగింది.

"యాడ పూడ్చినారన్నా?"

"తెలీదమ్మా. ఆ పేజీ నాకు చూపించలేదు."

"తేదీ అన్నా చెప్పు. తద్దినం పెట్టాల గదా. నాలుగేండ్లు ఏ దినమూ పెట్టలేదు. బతికుండాడని."

దొరికిన తేదీ చెప్పాడు. పోయిన తేదీ ఎవరికీ తెలియదు. ఆమె తలూపి, దొరికిన దానితోనే సరిపెట్టుకుంటానన్నట్టు ఆ తేదీని పెదాలతో రెండుసార్లు అనుకుంది. అతను చెయ్యి చాపాలనుకున్నాడు. చేతులు బ్యాగు లోపల కట్టి ఉన్నాయి.

జూన్ చివర, కర్నూలులో ఒక నర్సింగ్‌హోమ్. బయట నలభై డిగ్రీలు. ఆర్పీ కుర్చీ లాక్కుని కూర్చుని ఫైల్ తెరిచాడు.

"ఆమె మీద కేసు లేదు. మొదటినుంచీ చివరిదాకా మన మనిషే అని రాశాను. కెల్నర్‌ను నమ్మించడానికి నటించింది, అంతే."

"సమాధి ఎక్కడో ఆమెకు చెప్పండి సార్."

"నిషిద్ధ ప్రాంతం. పైకి రాశాను. ఒప్పుకోలేదు."

"మళ్లీ రాయండి."

"రాస్తాను." రాసినా జరగదని ఇద్దరికీ తెలుసు. ఆర్పీ ఫైల్లో పేజీ తిప్పాడు. "నువ్వు ఆర్డర్ మీరిన సంగతి ఎక్కడా పెట్టలేదు. రాయి ప్రమాదవశాత్తూ జారిందని రాశాను. ప్రేమయ్యది రోడ్డు ప్రమాదం. కెల్నర్ వీసా గడువు దాటినందుకు అరెస్టయ్యాడు. ఇక మిగిలింది నీ కాలమ్. ఆపరేషన్‌లో ఏజెంట్ పదిహేడు పాత్ర ఏమిటని రాయను?"

జ్ఞానేశ్వర్ దగ్గి, దిండు సర్దుకున్నాడు.

"పడుకుని ఉన్నాడని రాయండి సార్. ఆ ఫైల్లో ఒక్క నిజమన్నా ఉండనీ."