లేవని చెయ్యి

ఆదివారం పొద్దున నాజిరా బోర్సోక్‌లు వేయిస్తోంది. నూనెలో పిండి ముక్కలు పొంగుతున్న వాసన ఇల్లంతా నిండింది. ఆమె భర్త కుబాత్ కిటికీ పక్కన కూర్చుని, చల్లారిన టీ గిన్నెను అరచేతుల మధ్య తిప్పుతున్నాడు. కూతురు బెగిమాయ్ గది తలుపు నిన్నటి నుంచీ మూసే ఉంది.

నిన్న కోచ్‌కోర్ మైదానంలో ఆడపిల్లల ఫైనల్. నారిన్ నుంచి రావలసిన రిఫరీ కనుమ మీద మంచులో ఇరుక్కుపోతే, రెండు జట్లూ కలిసి విజిల్ కుబాత్ చేతికిచ్చాయి. అతని కూతురు ఆడుతున్నా ఎవరూ కాదనలేదు. బడిలో ఇరవై ఏళ్లుగా ఆట నేర్పుతున్న మనిషి.

చివరి నిమిషంలో అవతలి పిల్ల కాలు బెగిమాయ్ ముఖం దాకా లేచింది, తగల్లేదు. కుబాత్ ఫ్రీ కిక్ ఇచ్చాడు. కాలు తగలకపోతే ఇచ్చేది వేరే రకం. అందులో బంతి ఇంకొకరికి తగిలాకే గోల్. అది తెలిసేలా రిఫరీ చెయ్యి పైకెత్తి, బంతి మరొకరిని తాకేదాకా దించకూడదు. బెగిమాయ్ నేరుగా వలలోకి కొట్టింది. కుబాత్ గోల్ ఇవ్వలేదు. ఫుట్‌బాల్ బడికి ఒక పిల్లను ఎంచుకోవడానికి రాజధాని బిష్కెక్ నుంచి వచ్చిన కోచ్ పెదవి విరిచాడు.

"కాలు బాగుంది. రిఫరీ చెయ్యి చూడని పిల్ల మాత్రం నాకొద్దు."

అందరూ ఆ పిల్లనే చూశారు. రిఫరీని ఎవరూ చూడలేదు.

తలుపు తెరుచుకుంది.

"లేచావా, మహారాణీ?" అంది నాజిరా.

"ఈ బూట్లు పొయ్యిలో వెయ్యమ్మా. నాలుగు పిడకలు మిగుల్తాయి."

"రబ్బరు కంపు నా బోర్సోక్‌లకెందుకే! కూర్చో, తిను."

బెగిమాయ్ తండ్రి ఎదురుగా కూర్చుంది. కళ్లు వాచి ఉన్నాయి.

"నీ పరువు కూడా తీశాను నాన్నా. రిఫరీ కూతురికే రూల్ తెలీదని బజారంతా నవ్వుతోందట. చెయ్యి ఒక్కసారి చూసుంటే సరిపోయేది."

కుబాత్ "తిను" అని మాత్రం అన్నాడు. నిన్నటి నుంచీ తనకు తాను ఒకటే చెప్పుకుంటున్నాడు: పాత భుజం నొప్పి, అంతే. చలికి పట్టేసింది.

తిండి అయ్యాక నాజిరా చేతులు తుడుచుకుని కూర్చుంది. "బాత చెప్పు, లేద్దాం."

తిన్నాక చెప్పే ఆ దీవెన కోసం కుబాత్ రెండు చేతులూ ఎత్తాడు. కుడి చెయ్యి ఏ నొప్పీ లేకుండా, తేలిగ్గా లేచింది. అతను దాన్ని పరాయివాడి చేతిని చూసినట్టు చూశాడు. నిన్న ఆటకు ముందు కూతురు ఇదే దీవెన అడిగితే, వచ్చాక చూద్దాంలే అన్నాడు.

"నిన్న నేను చెయ్యి ఎత్తలేదు," అన్నాడు.

"ఏంటి?"

"రిఫరీ చెయ్యి ఎత్తకపోతే, బంతి నేరుగా వలలో పడితే, మళ్లీ కొట్టించాలి. ఆ రూల్ నీకు నేనే నేర్పాను."

"మర్చిపోయావా నాన్నా?"

ఔనంటే నమ్మేస్తుంది.

"ఎత్తడం మర్చిపోయానేమో. బంతి పడ్డాక మాత్రం గుర్తొచ్చింది. మళ్లీ కొడితే నువ్వు బిష్కెక్ వెళ్లిపోతావనిపించింది. విజిల్ నోట్లోనే ఉంది. ఊదలేదు."

"ఏం మనిషివయ్యా నువ్వు!" నాజిరా లేచి నిలబడింది. "పిల్లకు కళ్లు లేవని ఊరంతా అంటుంటే టీ తాగుతూ కూర్చున్నావా?"

"నా కళ్లను నేనే తిట్టుకున్నాను నాన్నా," అంది బెగిమాయ్.

కుబాత్ మేకుకున్న కల్పక్ తీసి తల మీద పెట్టుకున్నాడు. "కోచ్ పదింటికి బయల్దేరతాడు. అతనికీ ఇదే చెబుతాను. ఇక నాకు విజిల్ ఎవరూ ఇవ్వరు."

"ఇవ్వొద్దు," అంది నాజిరా.

అతను గడప దాటబోతుంటే బెగిమాయ్ బూట్లు చేత పట్టుకుని అడ్డం నిలబడింది. "నిన్నటి బాత బాకీ ఉంది."

చేతులెత్తాడు. దీవెన మాటలు ఒక్కటీ నోటికి రాలేదు, కన్నీళ్లు వచ్చాయి. సిగ్గుతో చేతులు దించబోయాడు.

"దించకు నాన్నా," అంది బెగిమాయ్. "ఇంకొకరు తాకేదాకా దించకూడదు."

నాజిరా కుబాత్‌ను ఒకసారి ఎగాదిగా చూసింది. తర్వాత వచ్చి, చేతిని కూతురి తల మీద పెట్టింది.

అప్పుడు దించాడు.